రాపిడా, ఘర్షణా?

సందేహం: అల్ట్రాసోనిక్ లీనియర్ మోటార్ల (చెవికి అందని కంపనాలతో వస్తువుని తిన్నగా జరిపే మోటార్లు) మీద రాసిన వ్యాసంలో ‘కదలిక మరింత ఖచ్చితంగా ఉండాలంటే రాపిడి తగ్గించాలి’ అన్నాను. మిత్రుడు ‘రాపిడి’ కొట్టేసి ‘ఘర్షణ’ చేశాడు. ఏది సరి?

సమాధానం: ముందు ఆ ‘ఖ’ తీసెయ్యండి, కచ్చితం చాలు. ఖచితం అంటే పొదిగినది, రత్నఖచితం అన్నట్టు. ఒత్తు పెడితే మాటకి బరువొస్తుందన్న భ్రమ ఈమధ్య మరీ ముదిరింది.

ఇక రాపిడి. కాచు నుంచి కాపు, దాచు నుంచి దాపు వచ్చినట్టే రాచు నుంచి రాపు, దానికి ‘ఇడి’ చేరితే రాపిడి. దోచు–దోపిడి కూడా ఇదే దారి. తాకిడి, ఒత్తిడి వీటి చుట్టాలే. ఈ కుటుంబమంటే నాకెంత ఇష్టమో, మీ మోటార్‌కీ అంతే అవసరం! మీ మోటార్‌లో ఉండేది పీజో సిరామిక్, ఆ ‘పీజో’ అన్న మాటకి మూలం గ్రీకులో ఒత్తడమే. కొన్ని స్ఫటికాల్ని ఒత్తితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టారు. ఈ మోటార్ దాన్ని తిరగేసి వాడుకుంటుంది. విద్యుత్తు పెడితే సిరామిక్ ముక్క సెకనుకి 20 వేల సార్లకు పైగా కంపిస్తుంది, దాని కొస చిన్న దీర్ఘవృత్తంలో తిరుగుతూ స్లైడర్‌ని (జరిగే భాగాన్ని) రాచి, రాచి ముందుకు నెడుతుంది. అంటే అసలు నడిపేదే రాపిడి, కరెంటు తీసేసినా స్లైడర్‌ని ఉన్నచోటే పట్టి ఉంచేదీ అదే. దాన్ని తగ్గిస్తే బండి కదలదండీ!

చిక్కల్లా ఎక్కడంటే, వోల్టేజీ తక్కువగా ఉన్నప్పుడు స్లైడర్ మొరాయిస్తుంది, కాస్త పెంచగానే ఒక్కసారి జారుతుంది. అందుకే దిశ మారినప్పుడల్లా ఆ మొరాయింపుకి సరిపడా వోల్టేజీ కలుపుతారు, స్లైడర్ ఎక్కడుందో ఎన్‌కోడర్‌తో (స్థానం కొలిచే సాధనంతో) చదివి దిద్దుతారు, వేడెక్కి అనునాదం (సిరామిక్ అన్నిటికంటే జోరుగా కంపించే పౌనఃపున్యం) పక్కకి జరిగితే విద్యుత్తు పౌనఃపున్యాన్నీ దాని వెంటే జరుపుతారు. కాబట్టి మీ వాక్యంలో దిద్దాల్సింది ‘తగ్గించాలి’ అన్న మాట. ‘రాపిడిని అదుపులో పెట్టాలి’ అనండి.

ఘర్షణ తప్పు కాదు. బంగారాన్ని పరీక్షించే పద్ధతులు చెప్పే సంస్కృత శ్లోకంలో మొదటిది నిఘర్షణమే, ఒరగల్లు మీద గీయడం. పత్రికలవాళ్లు దాన్ని వీధి తగాదాలకు అరగదీశారు, అది వేరే బాధ. పాఠ్యపుస్తకాల్లో స్థైతిక ఘర్షణ, ఘర్షణ గుణకం స్థిరపడ్డాయి, బలాన్ని లెక్కగట్టే చోట వాటిని కదపొద్దు. రాచుకునే పని చెప్పేటప్పుడు మాత్రం నా ఓటు రాపిడికే. మీ వాక్యం రెంటి మధ్యా ఉంది, మిత్రుడు మరీ పట్టుబడితే ఒప్పుకోవచ్చు.