మా అబ్బాయి ఫుట్‌బాల్ కోచ్ అవుతానంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు, విశ్వవిద్యాలయ జట్టులో ఆడుతున్నాడు. ఇండియన్ సూపర్ లీగ్ జట్టు ముంబయి సిటీకి కోచ్‌గా పనిచేసిన అలెగ్జాండ్రే గిమరాయిస్ అంటే వాడికి ప్రాణం. తానూ కోచ్‌నే అవుతానని పట్టుబడుతున్నాడు. ఇందులో బతుకుతెరువు ఉందా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీవాడు మంచి మనిషినే ఎంచుకున్నాడండీ. అయితే ముంబయి ఒక్కటే కాదు, ఆయన ప్రయాణమంతా చదవమనండి. బ్రెజిల్‌లో పుట్టి, కోస్టారికాలో పెరిగి, 1990 ప్రపంచ కప్‌లో ఆ దేశానికి ఆడారు. 2001లో ఆయన కోచ్‌గా ఉండగానే కోస్టారికా మెక్సికోను వాళ్ల సొంత మైదానం అజ్టెకాలో 2-1తో ఓడించింది. ప్రపంచ కప్ అర్హత పోటీల్లో మెక్సికో అక్కడ ఓడటం అదే మొదటిసారి! మరుసటి ఏడాది ప్రపంచ కప్‌లో టర్కీతో సమానంగా నాలుగు పాయింట్లు వచ్చినా, గోల్స్ తేడాతో ఇంటిముఖం పట్టక తప్పలేదు. 2006లో మళ్లీ ఆయనే కోచ్. మూడు మ్యాచ్‌లూ ఓటమే. తర్వాత పనామా, యూఏఈ, చైనా. 2016లో ముంబయిని లీగ్ దశలో అగ్రస్థానంలో నిలిపారు, సెమీఫైనల్లో కోల్‌కతా చేతిలో ఓడారు. తర్వాతి సీజన్‌లో జట్టు ప్లేఆఫ్‌కు చేరలేదు, ఆయన వెళ్లిపోయారు. 2019లో కొలంబియాలో అమెరికా దె కాలి అనే క్లబ్‌కు లీగ్ టైటిల్ సాధించిపెట్టేనాటికి ఆయనకు అరవై ఏళ్లు.

మీ ఇంట్లో మాట్లాడుకోవలసింది ఈ పెట్టే బేడా సర్దుకునే బతుకు గురించే. బాగా పనిచేసినవాడికీ ఇక్కడ కుర్చీ ఖాయం కాదు. అందుకే డిగ్రీ మధ్యలో ఆపనివ్వకండి. తర్వాత బీపీఈడీ (వ్యాయామ విద్యలో డిగ్రీ) చేస్తే పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయ ఉద్యోగాలకు దారి ఉంటుంది. దానితోపాటే కోచ్‌లకిచ్చే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డి లైసెన్సు, ఆపైన ఆసియా సమాఖ్య సి, బి, ఎ, ప్రో. ఒక్కో మెట్టుకూ ఏళ్లు పడతాయి, ఖర్చూ ఉంటుంది. మొదట్లో వచ్చే జీతం చిన్నదే.

ఫీజు కట్టే ముందు ఒక పని చేయండి. ఈ వేసవిలో దగ్గరలోని శిబిరంలో పదేళ్ల పిల్లలకు నెలరోజులు నేర్పమనండి. తెల్లవారుజామున వెళ్లి కోన్లు పేర్చాలి, బూట్ల తాళ్లు కట్టాలి. మీరూ ఒకరోజు వెళ్లి గట్టున కూర్చోండి. ఇంటికొచ్చాక అడగండి: ఈరోజు బంతి ఎవరికి సరిగా అందలేదు? మీవాడు ఆ పిల్లవాడి పేరు, రేపు వాడిని ఎక్కడ ఆడించాలనుకుంటున్నాడో తడుముకోకుండా చెబితే, డి లైసెన్సుకు దరఖాస్తు చేయించండి.