నీళ్లు చిమ్మే బండి కొంటే గాలి బాగుపడుతుందా?

ప్రశ్న: సార్, మాది కార్పొరేషన్ ఊరే. పొద్దున్నే ఊడ్చిన ఆకులూ ప్లాస్టిక్ కవర్లూ మా సందు మొదట్లో కుప్పేసి అంటించేస్తారు. మా బాబుకి ఉబ్బసం, ఎనిమిదింటి దాకా కిటికీలు తియ్యం. కార్పొరేటర్‌ని అడిగితే "నీళ్లు చిమ్మే బండి కొంటున్నామమ్మా, ఇక గాలి బాగుంటుంది" అన్నారు. నిజమేనా?
- ఓ పాఠకురాలు

జవాబు: బండి వెళ్లిన వీధిలో దుమ్ము కాసేపు అణుగుతుందమ్మా, రోడ్డు ఆరగానే మళ్లీ మొదటికే. ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో 2021లో 20 కోట్లకు పైగా పోసి గాలిని లాగి వడపోసే 24 మీటర్ల స్మాగ్ టవర్ కట్టారు, దాని పక్కన నిలబడితే తేడా ఉంటుందేమో కానీ ఢిల్లీ గాలి ఢిల్లీ గాలిలాగే ఉంది.

అసలు ఈ బండ్ల మోజు ఎందుకంటే, 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద దాదాపు 130 నగరాలు ఉన్నాయి, ఆంధ్రలోనే 13. అక్కడ నగరాలకి మార్కులు వేసేది ముఖ్యంగా పీఎం 10ని, అంటే కాస్త లావు రేణువుల్ని చూసి. దుమ్ము తగ్గితే మార్కులొస్తాయి కాబట్టి ఆ కార్యక్రమం డబ్బు ఎక్కువగా దుమ్ము పనులకే పోయింది. మీ బాబు ఊపిరితిత్తుల్లో లోతుగా దిగేది మాత్రం పొగలో ఉండే సన్న రేణువు, పీఎం 2.5. దానికి మన దేశంలో ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరు గాలికి 40 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5.

కాబట్టి ముందు ఆ మంట సంగతి. చెత్త ఆరుబయట తగలబెట్టడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే నిషేధించింది, మామూలుగా అయితే 5,000, పెద్ద ఎత్తున అయితే 25,000 జరిమానా. అలాగని ఆ ఊడ్చే ఆవిడ మీద అరవకండి. ట్రాక్టరు రాకపోతే ఆ కుప్ప ఏం చెయ్యాలో ఆవిడకి ఎవరూ చెప్పరు, కుప్ప కనబడితే తిట్లు మాత్రం ఆవిడకే. మీరు అడగాల్సింది ట్రాక్టరు ఎన్నింటికి వస్తుందని, ఆకులకి వార్డు పార్కులో ఓ మూల ఎరువు గుంట ఎందుకు తీయలేదని.

దుమ్ముకీ శాశ్వతమైన మందు ఉంది. తారు అంచుకీ డివైడర్‌కీ మధ్య మూరెడు మట్టి వదిలేస్తారు చూడండి, బస్సు పోయినప్పుడల్లా లేచేది అదే. అంచుదాకా తారు వేసి, మిగిలిన చోట గడ్డి పెంచితే ఆ బండి అవసరమే తగ్గుతుంది. కూల్చిన ఇళ్ల శిథిలాలు కూడా అంతే. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో వాటిని పొడి చేసి మళ్లీ వాడుకునేలా ప్లాంట్లు పెట్టారు, చాలా ఊళ్లలో మాత్రం చెరువు గట్టే ప్లాంటు!

ఇక తడి చెత్త. డంపింగ్ యార్డులో కుళ్లితే మీథేన్ అనే మండే వాయువు, అది అంటుకుంటే వారాల తరబడి పొగ. ఇండోర్‌లో 2022 నుంచి రోజుకు 550 టన్నుల తడి చెత్త తీసుకోగల ప్లాంటు నడుస్తోంది, అందులోంచి వచ్చే గ్యాస్‌తో సిటీ బస్సులు తిప్పుతున్నారు. ఇంటి దగ్గర తడి, పొడి వేరు చేస్తేనే అది కుదిరింది. ఫ్యాక్టరీ పొగ గొట్టాల మీద కార్పొరేషన్‌కి పెద్దగా అధికారం లేదు, అది కాలుష్య నియంత్రణ మండలి పని, అక్కడ మీ కార్పొరేటర్‌ని తిట్టి లాభం లేదు.

వారం రోజులు మంట ఫొటోలు తీయండి, తేదీ, టైము, సందు పేరు రాసి కమిషనర్‌కి ఇచ్చి రసీదు తీసుకోండి. గాలి కోసం మీ ఊరికి ఎంత డబ్బొచ్చింది, దేనికి ఖర్చు పెట్టారు అని సమాచార హక్కు కింద ఇంకో కాగితం పెట్టండి, ఫీజు పది రూపాయలే.