లెగో ట్యాంక్ పాకుతోందా? మోటారు సంగతి తర్వాత, ముందు ట్రాకుల సంగతి చూడండి

రెండు ఎక్స్‌ఎల్ మోటార్లు (లెగోవాళ్ల పెద్ద సైజువి) పెట్టినా మీ లెగో ట్యాంక్ పాకుతోందని, గేర్లు మార్చి స్పీడ్ పెంచితే తిన్నగా పోతోంది గానీ పక్కకు తిరగనంటోందని అడిగారు. మా మేనల్లుడి పుణ్యమా అని నాకూ ఈ పిచ్చి అంటుకుంది, ఇప్పుడు వాడికన్నా నాకే ఎక్కువ, కాబట్టి చేతికి తగిలిన విషయాలే చెప్తాను.

పాకడంలో వింతేమీ లేదు, లెక్కేస్తే తెలిసిపోతుంది. ఎక్స్‌ఎల్ మోటారు 9 వోల్టుల దగ్గర ఏ బరువూ లేకుండా నిమిషానికి సుమారు 220 చుట్లు తిరుగుతుంది, దానికన్నా చిన్నదైన ఎల్ మోటారు సుమారు 390. టెక్నిక్ (గేర్లు, మోటార్లతో కట్టే లెగో రకం) ట్రాకులకు వాడే పెద్ద స్ప్రాకెట్ (ట్రాకును తిప్పే పళ్ల చక్రం) వ్యాసం 40.7 మిల్లీమీటర్లు, అంటే ఒక చుట్టుకి బండి 13 సెంటీమీటర్లకు కాస్త తక్కువగా జరుగుతుంది. ఎక్స్‌ఎల్‌ని నేరుగా స్ప్రాకెట్‌కి తగిలిస్తే గంటకు 1.7 కిలోమీటర్లు, ఎల్‌ని తగిలిస్తే 3. అదీ బండిని చేత్తో పైకెత్తి పట్టుకుంటే! నేల మీద పెడితే ఇంకా తగ్గుతుంది.

నేనైతే ఎక్స్‌ఎల్‌లు తీసేసి పక్కకొక ఎల్ మోటారు పెడతాను. ఎక్స్‌ఎల్ బరువు 69 గ్రాములు, ఎల్ 42, ఆ తేడా కూడా కలిసొస్తుంది. 2017లో లెగోవాళ్లు 42065 నంబరుతో తెచ్చిన ట్రాక్ రేసర్‌లో ఉన్నవీ రెండు ఎల్ మోటార్లే, దాని బుక్‌లెట్ లెగో సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, కట్టకపోయినా ఒకసారి తిరగేయండి. మోటారు వైపు 20 పళ్ల గేరు, స్ప్రాకెట్ వైపు 12 పళ్ల గేరు పెడితే కాగితం మీద గంటకు 5 కిలోమీటర్లు వస్తుంది. మనిషి నడకంతే, కానీ జానెడు బండి ఆ స్పీడ్‌లో సోఫా కింద నుంచి దూసుకొస్తే ఇంట్లోవాళ్లు కాళ్లు పైకి పెట్టుకుంటారు.

అయితే గేర్ల జోలికి వెళ్లేముందు ఒక పరీక్ష చేయండి. మోటార్లను గేర్ల నుంచి విడదీసి, ఒక అట్టను కొంచెం వాలుగా పెట్టి బండిని దాని మీద వదలండి. దానంతట అది జారిపోకపోతే మీ మోటారు బలమంతా బండి లోపలే ఖర్చైపోతోందన్నమాట. చాలాసార్లు దొంగ ఎక్కడుంటాడంటే, యాక్సిల్ (ఇరుసు) మీద బుష్‌ని, అంటే దాన్ని పట్టి ఉంచే చిన్న రింగుని, బీమ్‌కి (చిల్లుల కమ్మీకి) ఆనేలా నొక్కేసిన చోట. అక్కడ కాగితం దూరేంత సందు వదలండి చాలు. యాక్సిల్‌ని ఒకవైపు మాత్రమే పట్టి ఉంచినా బరువు పడగానే అది వంగి గేరు పళ్లు కరకరమంటాయి, రెండు వైపులా బీమ్ ఉండాలి. ఇక ఇంట్లో నడిపే బండైతే స్ప్రాకెట్ వెనక వెంట్రుకలు చుట్టుకుని నల్లటి ఉంగరంలా బిగుసుకుంటాయి. పైకి కనపడవు, చక్రం ఊడదీస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు తిరగకపోవడం దగ్గరికొద్దాం, అసలు తలనొప్పి ఇదే. ట్రాక్ బండి తిరగడమంటే రెండు ట్రాకులనూ నేల మీద అడ్డంగా ఈడ్చడమే. గేరుతో స్పీడ్ పెంచినకొద్దీ ఈడ్చే బలం అదే లెక్కన తగ్గుతుంది, అందుకే మీది తిన్నగా పోతుంది గానీ మలుపులో మొరాయిస్తోంది. బండిని పొట్టిగా, వెడల్పుగా కట్టండి. నేలకు ఆనే ట్రాక్ పొడవు, రెండు ట్రాకుల మధ్య దూరానికి ఒకటిన్నర రెట్లు దాటితే నా అనుభవంలో ఇబ్బందే. మధ్య చక్రాలు ముందూ వెనకా ఉన్నవాటికన్నా కాస్త కిందికి ఉంటే బండి వాటి మీద గిర్రున తిరుగుతుంది. గ్రానైట్ నేల మీద ట్రాకులు జారిపోతున్నాయని కొందరు ప్రతి లింకుకీ రబ్బరు ముక్క బిగిస్తారు, దాంతో పట్టు పెరిగి తిరగడం ఆగిపోతుంది. మూడు లింకులకొకటి చాలు. నిలబడ్డ చోటే గుండ్రంగా తిరగగలిగితే అప్పుడు ఇంకో మెట్టు గేరు పెంచుకోండి, తిరగలేకపోతే ఒక మెట్టు దిగండి.

లెగోవాళ్ల పాత బగ్గీ మోటారు పెట్టమని మీకు చాలామంది చెప్తారు. అది నిమిషానికి వెయ్యి చుట్లు దాటే మాట నిజమే, కానీ కరెంటు విపరీతంగా తాగుతుంది, పవర్ ఫంక్షన్స్ (ఈ మోటార్లు నడిచే పాత లెగో సిస్టమ్) రిసీవర్, అంటే రిమోట్ సిగ్నల్ అందుకునే పెట్టె, తట్టుకోలేక మధ్యలో ఆగిపోతుంది. పైగా ఇప్పుడు పాతవే దొరుకుతాయి, అదీ మంచి రేటుకి. ఆ డబ్బులు పెట్టగలిగితే బువిజ్ లాంటిది కొనుక్కోండి, బ్యాటరీ, రిసీవర్ రెండూ ఒకే బ్రిక్‌లో ఉంటాయి, బ్లూటూత్‌తో నడుస్తుంది, మామూలు బ్యాటరీ పెట్టెకన్నా ఎక్కువ వోల్టేజీ ఇస్తుంది. పైగా పవర్ ఫంక్షన్స్ ఇన్‌ఫ్రారెడ్ రిమోట్‌తో మేడ మీద ఎండలో ఆడలేం, సిగ్నల్ సరిగ్గా అందదు. ఒక్కటి మాత్రం చూసుకోండి, లెగో కొత్త టెక్నిక్ హబ్ (బ్యాటరీ, రిసీవర్ కలిసిన పెట్టె) కొంటే మీ పాత మోటార్ల ప్లగ్గు దానికి పట్టదు.

ఏదీ కొనకుండా ప్రస్తుతం ఉన్న బ్యాటరీ పెట్టెతోనే నడపాలంటే బ్యాటరీలు చూసుకోండి. ఆరు ఆల్కలైన్ సెల్స్ కొత్తగా ఉన్నప్పుడు 9 వోల్టులు, రీఛార్జబుల్ అయితే 7.2. అంకె చూసి ఆల్కలైనే మేలనిపిస్తుంది గానీ, లోడ్ పడగానే దాని వోల్టేజీ త్వరగా జారిపోతుంది. ఎక్కువసేపు ఆడేటప్పుడు నేను రీఛార్జబులే వాడతాను.

ట్రాక్ మాటిమాటికీ ఊడుతోందని కామెంట్‌లో రాశారు కదా, ఒక లింకు తీసి చూడండి. మరీ బిగుసుకుపోతే ఆ లింకు మళ్లీ వేసేసి, వెనక చక్రాన్ని అర స్టడ్ (లెగో బ్రిక్ మీది ఒక బొడిపె దూరంలో సగం) వెనక్కి జరపండి.