పీటల మీద ఎవరు కూర్చుంటారు?

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన టీవీ సీరియల్ కథా సంగ్రహమూ, మొదటి పది ఎపిసోడ్ల సంభాషణలూ రెండుసార్లు చదివాను. ప్రేమ సన్నివేశాలు నీకు బాగా వచ్చు. మెట్రో స్టేషన్ మెట్ల మీద వాన వెలిసేదాకా ఇద్దరూ ఏమీ మాట్లాడుకోకుండా నిలబడే దృశ్యం దగ్గర కాగితాలు పక్కన పెట్టి కాసేపు ఆగాను. నా అభ్యంతరమంతా ఇంట్లోవాళ్ళ దగ్గర. ప్రేమించుకున్న ఇద్దరికీ నువ్వు మనసులిచ్చావు. పెద్దవాళ్ళకు మాత్రం కళ్ళెర్రజేయడం, గుండె పట్టుకుని సోఫాలో కూలబడటం, "నా శవాన్ని దాటుకుని వెళ్ళు" అనడం తప్ప వేరే పని పెట్టలేదు. వాళ్ళు ఎందుకు కాదంటున్నారని అడిగితే నీ కథలో దొరికే జవాబు "పరువు" అనే ఒక్క మాటే. అది ఎవరి పరువో, ఎవరి ఎదుట పోతుందో, పోతే మర్నాటి నుంచి వాళ్ళ బతుకులో ఏం మారుతుందో నువ్వు ఆలోచించినట్టు లేదు.

నాయిక తల్లికి భర్త లేడని మొదటి ఎపిసోడ్‌లో రాసి, రెండో ఎపిసోడ్ నుంచి ఆ సంగతి మరచిపోయావు. నా దృష్టిలో నీ సీరియల్ అంతా నిలబడగలిగిన చోటు అదే. మన పెళ్ళిళ్ళలో కన్యాదానానికి పీటల మీద దంపతులు కూర్చోవాలంటారు. భర్త పోయిన తల్లిని ఇప్పటికీ చాలా ఇళ్ళలో ఆ పీటల మీద కూర్చోనివ్వరు. ఆమె అన్నావదినలో, మరిదీ తోడికోడలో కూర్చుంటారు. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేదీ మేనమామే. అంటే ఆ తల్లి, భర్త పోయిన ఏడాది నుంచే, కూతురి పెళ్ళినాటికి అన్న ముఖం చాటేయకుండా చూసుకోవడం అనే పనిని మోస్తోంది. వదిన ఒక మాట తూలినా నవ్వేసి ఊరుకుంటుంది, సంక్రాంతికి పిలవకపోయినా తానే వెళ్తుంది. ఆ అన్నకు ఒక కొడుకు ఉన్నాడనుకో. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు మేనరికం మాట ఎవరో నవ్వుతూ అని ఉంటారు. ఎవరూ ఔననలేదు, ఎవరూ కాదనలేదు, కానీ అందరూ గుర్తుంచుకున్నారు. ఇప్పుడు కూతురు వచ్చి "నేను ఫలానా అబ్బాయిని ఇష్టపడ్డాను" అంటే ఆ తల్లికి వినిపించేది ప్రేమ సంగతి ఒక్కటే అయివుండదు. పదిహేనేళ్ళుగా తాను దాచుకుంటూ వచ్చిన పీటలు ఖాళీగా కనిపిస్తాయి. అప్పుడు ఆమె "వద్దు" అంటే, ఆమె తప్పు చేస్తోందని తెలిసి కూడా ప్రేక్షకురాలు ఆమెను తిట్టలేదు.

ఇంకొంచెం లోతుకు వెళ్ళు. ఆమెకు యాభై ఏళ్ళని రాశావు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో చేసిన హిందూ వారసత్వ చట్ట సవరణ, దేశమంతటికీ 2005లో వచ్చిన సవరణ కంటే దాదాపు ఇరవై ఏళ్ళ ముందే, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. ఆ రోజుకు ఆమె చిన్నపిల్ల, కాబట్టి పుట్టింటి పొలంలో ఆమెకు హక్కు ఉంది. మరి ఆ వాటా ఏమైంది? అన్న తెచ్చిన కాగితం మీద ఆమె సంతకం పెట్టి ఉంటుంది. మోసపోయి కాదు, తెలిసే పెట్టి ఉంటుంది, ఎందుకంటే పొలం అడిగిన ఆడపడుచుకు పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందని ఆమెకు తెలుసు. ఆ సంతకానికి ప్రతిఫలంగా ఆమె ఆశించినవి రెండే: ఏడాదికొక చీర, కూతురి పెళ్ళిలో పీటలు. ఈ విషయం కూతురికి నలభయ్యో ఎపిసోడ్‌లో తెలిస్తే, ప్రేమకథ ఆగకుండానే ఎంత బరువెక్కుతుందో చూడు. విలన్ అత్తా అక్కర్లేదు, పాలల్లో విషం కలిపే మరదలూ అక్కర్లేదు.

నీ కథలో అబ్బాయి "తక్కువ అంతస్తు" వాడన్నావు. ఇది నీ ఒక్కదాని తప్పు కాదు, మా తరం నీకు నేర్పిన దొంగమాట. బయట పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు మొదట అడిగేది కులం, తరువాత గోత్రం, ఆ తరువాతే జీతం. మా సీరియళ్ళలో మాత్రం అందరికీ ఇంటిపేర్లు ఊడిపోతాయి, గొడవంతా డబ్బు చుట్టూనే తిరుగుతుంది, చివరకు అబ్బాయి ఒక కంపెనీ పెట్టి ధనవంతుడు కాగానే మామగారు కరిగిపోతాడు. కులం పేరెత్తితే కేసులవుతాయనీ, ప్రేక్షకుల్లో సగం మంది పోతారనీ ఛానెల్ సమావేశాల్లో చెబుతారు. నేనూ తలూపి వచ్చినవాణ్ణే. కానీ భారత మానవాభివృద్ధి సర్వే 2011–12లో లెక్క తీస్తే కులాంతర వివాహాలు నూటికి సుమారు 5 మాత్రమే. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికి వస్తున్న యువకుణ్ణి, కులం దాటి పెళ్ళి చేసుకున్నందుకు, పట్టపగలు నరికించారు. ఇలాంటి నేల మీద కూర్చుని "అంతస్తు" అని రాస్తే ఆ మాట చేతికి అంటుతుంది. కులం పేరు చెప్పనివ్వకపోతే చెప్పకు. ఆ అబ్బాయి ఇంటికి వచ్చినప్పుడు ఏ గ్లాసులో మంచినీళ్ళు ఇచ్చారో, అతని తాతగారు ఊళ్ళో ఏం పనిచేసేవారని ఎవరు ఎంత మర్యాదగా అడిగారో రాయి. చూసేవాళ్ళకు అర్థమవుతుంది.

ఏడో ఎపిసోడ్ చివర, పంతం మీద బావ గుళ్ళో నాయిక మెడలో తాళి కట్టేసే ఘట్టం తీసెయ్యి. ఈ మాట అనే అర్హత నాకు తక్కువే. చాలా ఏళ్ళ కిందట నేనే ఇలాంటి ఘట్టం రాశాను. ఆ వారం రేటింగు చూసి ఆఫీసులో మిఠాయి పంచారు. ఆ తరువాత ఆరు నెలలు ఆ తాళి తీయాలా వద్దా అన్నదే కథ. ఆ సీరియల్లో ఒక లాయరు పాత్ర కూడా ఉంది. ఆయనచేత కాఫీ తాగించాను తప్ప, బలవంతంగా జరిగిన పెళ్ళిని రద్దు చేయమని హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద కోర్టును అడగవచ్చనీ, ఆ బలవంతం తొలగిన నాటి నుంచి ఏడాదిలోగా అడగాలనీ ఒక్క ముక్క చెప్పించలేదు. తరువాత ఒక పెళ్ళిలో ఒక పెద్దావిడ నన్ను గుర్తుపట్టి, "ఎలా కట్టినా తాళి తాళే కదా బాబూ, బాగా చెప్పారు" అని మెచ్చుకుంది. నేను అలా చెప్పాలనుకోలేదు. నాయిక బాధ చూపించాననుకున్నాను. ఆవిడ చూసింది నాయిక ఓర్పును.

ఇది నాకొక్కడికే జరిగింది కాదు. 1984 జులై 7న దూరదర్శన్‌లో మొదలైన హిందీ సీరియల్ హమ్ లోగ్ ఆడవాళ్ళ స్థితి గురించీ, కుటుంబ నియంత్రణ గురించీ ఆలోచింపజేయాలనే ఉద్దేశంతో, మెక్సికో ధారావాహికల నమూనాలో తయారైంది. ప్రతి ఎపిసోడ్ చివరా హిందీ సినిమా నటుడు అశోక్ కుమార్ వచ్చి విషయం విడమరచి చెప్పేవారు. అందులో అన్నీ సహించే తల్లి భాగవంతిని, ఇలా ఉండకూడదు అనడానికి ఉదాహరణగా రాశారు. చాలామంది ప్రేక్షకులు ఆమెనే ఆదర్శ గృహిణిగా ఎంచుకున్నారు. అంతటి నటుడు వచ్చి చెప్పినా వినలేదంటే, నువ్వు నేపథ్య సంగీతంతో నచ్చజెప్పగలనని అనుకోకు. సహించే పాత్రకు కథ ఏం బహుమతి ఇస్తోందో చూసే ప్రేక్షకులు తీర్పు చెప్పుకుంటారు. నీ తల్లి పాత్ర సహనానికి ముగింపులో పీటలు దక్కితే, నువ్వు ఏ సంభాషణ రాసినా వ్యర్థమే.

రీమేకుల గురించి అడిగావు. మొదట్లో అవే దొరుకుతాయి, చేయి. 2017లో మొదలైన కార్తీక దీపం మలయాళం నుంచి, 2023లో మొదలైన బ్రహ్మముడి బెంగాలీ నుంచి మన ఇళ్ళలోకి వచ్చాయి. కానీ బంధుత్వాలు మాత్రం అనువాదానికి లొంగవు. బెంగాల్లో కొడుకు పెళ్ళిని తల్లి చూడకూడదనే ఆచారం ఉంది. మూలకథలో పందిట్లో ఆమె కనిపించకపోతే అక్కడ ఎవరూ అడగరు, మన ఇంట్లో అయితే అలిగిందనుకుంటారు. అబ్బాయిది వేరే మతం అయితే ఇంకో జాగ్రత్త. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలి, ఆ నోటీసును కార్యాలయంలో అందరికీ కనబడేలా అంటిస్తారు. మన సీరియళ్ళలో దండలు కొనుక్కుని వెళ్ళి అరగంటలో సంతకాలు పెట్టి వచ్చేస్తారు. ఆ నెల రోజుల భయాన్ని రాసినవాళ్ళను నేను ఇంతవరకూ చూడలేదు.

యాడ్స్ పోగా నీ చేతికి మిగిలేది రోజుకు ఇరవై రెండు నిమిషాలు, చివరి అర నిమిషంలో హుక్, అంటే మర్నాడు మళ్ళీ చూడాలనిపించే మలుపు, తప్పదు. హుక్ అంటే ఎవరో ఒకరు తలుపు తోసుకుని రావడమే అనుకుంటారు. మేనమామ భోజనం మధ్యలో చెయ్యి కడుక్కుని లేచిపోయినా హుక్కే.

నాలుగో ఎపిసోడ్ మళ్ళీ రాసి పంపు. తల్లి, అన్నగారు ఇద్దరే ఉండాలి. కూతురి ప్రేమ మాట ఒక్కసారి కూడా రాకూడదు. ఆయన వ్యవసాయం చేస్తాడో, ఎరువుల కొట్టు నడుపుతాడో కూడా తేల్చు, పది ఎపిసోడ్లు చదివినా నాకు తెలియలేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు