ప్రేమ ఉంది, కోరిక లేదు.. ఇది జబ్బా?

ప్రశ్న: నా వయసు 27. విజయనగరంలో ఉద్యోగం. రెండేళ్లుగా ఒకరిని ప్రేమిస్తున్నాను. ఆయనకు జలుబు చేస్తే మిరియాల చారు కాచి పంపేదాకా నాకు ముద్ద దిగదు. మొన్న సిరిమానోత్సవం జనంలో ఆయన చెయ్యి పట్టుకుని నడుస్తుంటే మనసు నిండిపోయింది. కానీ శారీరకంగా కలవాలన్న కోరిక ఆయన మీదే కాదు, ఎవరి మీదా కలగదు. మాఘమాసంలో ముహూర్తం పెడతామంటున్నారు. నాకు హార్మోన్ల లోపమా? అసలు నాది ప్రేమే కాదా?
- ఒక సోదరి

జవాబు: మిరియాల చారు సంగతి చదివాక ప్రేమ కాదని ఎలా అనను? ఒకరి మాట కోసం ఎదురుచూడటం, వాళ్ల కష్టం మనదిగా తోచడం, బతుకంతా తోడుండాలనిపించడం ప్రేమాకర్షణ. శరీరం కోరుకునేది లైంగిక ఆకర్షణ. చాలామందిలో రెండూ ఒకరి మీదే కలుగుతాయి కనుక ఒకటే అనుకుంటాం. ప్రేమ లేని కోరిక ఉంటుందని లోకమంతా ఒప్పుకుంటుంది, కోరిక లేని ప్రేమ అంటే మాత్రం నమ్మదు! ఈ రెండింటి మూలాలు వేర్వేరని మనస్తత్వ శాస్త్రవేత్త లీసా డైమండ్ 2003లోనే వాదించారు. 2004లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, బ్రిటన్‌లో 18 వేల మందికి పైగా చెప్పిన జవాబులు చూస్తే, సుమారు 1 శాతం మంది తమకు ఎవరి మీదా లైంగిక ఆకర్షణ కలగలేదన్నారు.

మీ ఉత్తరంలో నాకు కావలసిన ముక్క ఒకటి లేదు. ఇది ఎప్పటి నుంచి? ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంతే అయితే, దానివల్ల మీకు బాధ లేకపోతే, అది జబ్బు కాదు. దాన్ని అలైంగికత అంటారు. అలా కాక ఒకప్పుడు కోరిక ఉండి ఈమధ్యే పోయిందా? అప్పుడు థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ల పరీక్షలు చేయించాలి. కుంగుబాటు ఉన్నా, దానికి వాడే కొన్ని మందుల వల్లా కోరిక తగ్గుతుంది. అలాగని మందులు మీ అంతట మీరు మానేయకండి. ఆన్‌లైన్‌లో అమ్మే కోరిక పెంచే మాత్రల జోలికి అసలే పోవద్దు.

‘పెళ్లయితే అదే సర్దుకుంటుంది’ అనే పెద్దల మాట నేను ఒప్పుకోను. లగ్నపత్రిక రాయకముందే ఆయనకు చెప్పండి. ‘మీరంటే ఇష్టం లేక కాదు’ అని మొదలుపెట్టండి, లేకపోతే మగవాడికి ముందు వినపడేది ‘నువ్వంటే ఇష్టం లేదు’ అనే. పిల్లల సంగతి, మీకు ఎంతవరకు సమ్మతమో కూడా మాట్లాడుకోండి. ఆయన ఆలోచించుకోవడానికి గడువు అడిగితే ఇవ్వండి. ఊళ్లో మాట పాకుతుందని భయమైతే విశాఖ ఎంతో దూరం లేదు. అక్కడ మానసిక వైద్యులను ఇద్దరూ కలిసి ఒకసారి చూడండి. వైద్యానికి కాదు, ఎదురెదురుగా కూర్చుని ఈ మాట పూర్తిగా మాట్లాడుకోవడానికి.