తాళం వేసినట్టే ఉంది, లోపల ఫోన్ లేదు

మీ నాన్నగారు విమానంలో లగేజీగా వేసిన పెట్టెకు తాళం వేసినట్టే ఉన్నా, లోపలి ఫోన్ ఎలా పోయిందని అడిగారు కదా. తాళం తియ్యలేదండి, జిప్పు విప్పారు. పెన్ను మొన గుచ్చితే జిప్పు పళ్లు విడిపోతాయి, తాళంతో సహా రన్నర్లను అటూ ఇటూ లాగితే మళ్లీ మూసుకుంటాయి. అందుకే మీ నాన్నగారు దుబాయ్ నుంచి టెక్కలి వచ్చి పెట్టె తెరిచేదాకా తెలియలేదు.

1. ఈరోజే ఎయిర్‌లైన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. బ్యాగు అందిన 7 రోజుల్లోపే పంపాలి. బోర్డింగ్ పాస్, బ్యాగేజ్ ట్యాగ్, ఫోన్ బిల్లు జతచేయండి.

2. అందరూ వదిలేసేది ఇదే: ఈసారి వచ్చినప్పుడు విశాఖ ఎయిర్‌పోర్టులో లగేజీ బెల్టు దగ్గరే బ్యాగు తెరిచి చూడాలి. ఏదైనా తగ్గితే బయటికి రాకముందే ఎయిర్‌లైన్ కౌంటర్లో పీఐఆర్ అనే ఫిర్యాదు పత్రం రాయించి కాపీ తీసుకోవాలి. బయట ఇంటివాళ్లు ఎదురుచూస్తున్నారని, శ్రీకాకుళం బస్సు వెళ్లిపోతుందని మనవాళ్లు పరుగెత్తుకొచ్చేస్తారు. దయచేసి ఆ పది నిమిషాలు ఆగండి.

3. ఇకపై ఫోన్, బంగారం, డబ్బు చేతిసంచిలోనే.