లోగో కనిపించి తెర నల్లబడితే...

ప్రశ్న: మా అమ్మాయి పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది. దానికి మద్దతు ఆగిపోయిందని, విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ వేద్దామనుకున్నాం. పెన్‌డ్రైవ్ పెడితే మెనూ వస్తోంది. మొదటి వరుస మీద ఎంటర్ కొట్టగానే లోగో ఒక్క క్షణం మెరిసి తెర నల్లబడిపోతోంది. పెన్‌డ్రైవ్ తీసేస్తే విండోస్ మామూలుగానే నడుస్తోంది. గ్రాఫిక్స్ కార్డు ఎన్విడియా. షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, 8 వేలవుతుందన్నారు. మార్చమంటారా?
- ఒక పాఠకురాలు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: వద్దమ్మా. మదర్‌బోర్డు పోతే విండోస్ ఎలా నడుస్తుంది? మీ బోర్డు బాగానే ఉంది, ఆ డబ్బు ఎవరికీ ఇవ్వకండి. పర్లాకిమిడిలో నా దగ్గరికి కూడా ఇలాంటి ల్యాప్‌టాప్‌లు వస్తుంటాయి. బాగున్న యంత్రాన్ని పాతసామాన్ల వాడికి వేసేస్తుంటే నాకు ప్రాణం ఒప్పదు.

జరుగుతున్నది ఇదీ. లినక్స్ లేస్తూనే గ్రాఫిక్స్ కార్డును తన చేతిలోకి తీసుకుని తెరను తనే సర్దుకోబోతుంది. మింట్‌తో వచ్చే ఉచిత డ్రైవరుకు, అంటే కార్డును నడిపించే ప్రోగ్రామ్‌కు, కొన్ని ఎన్విడియా కార్డులతో పొసగదు. అక్కడే తెర పోతుంది. 'ఇప్పటికి కార్డు జోలికి పోకు, ఉన్న తెరతోనే నడిపించు' అని ముందే చెప్పాలి. అలా చెప్పే మాటే బూట్ ఆప్షన్.

ముందు మెనూలో రెండో వరుస, కంపాటిబిలిటీ మోడ్, నొక్కి చూడండి. దానితోనే పనైపోవచ్చు. కాకపోతే మొదటి వరుస మీద నిలబడి, ఎంటర్ బదులు 'ఇ' అక్షరం నొక్కండి. నాలుగైదు వరుసలు కనిపిస్తాయి. 'లినక్స్' అన్న మాటతో మొదలయ్యే వరుసలో చివరికి వెళితే 'క్వైట్ స్ప్లాష్' అని రెండు మాటలుంటాయి. ఆ రెండూ చెరిపేసి అక్కడే 'నోమోడ్‌సెట్' అని కొట్టండి: ఎన్, ఓ, ఎమ్, ఓ, డి, ఇ, ఎస్, ఇ, టి. అన్నీ చిన్న అక్షరాలే, మధ్యలో ఖాళీ ఉండకూడదు. దానికి ముందూ వెనకా మాత్రం ఒక్కో ఖాళీ ఉండాలి. ఆ వరుస పొడవెక్కువై కిందికి మడత పడుతుంది, మడత దగ్గర ఒక వాలు గీత కనబడుతుంది. అది తెర చూపించే గుర్తే, దాన్ని చెరపబోకండి. తర్వాత ఎఫ్10. మరీ పాత బయోస్ (ఆన్ చేయగానే యంత్రాన్ని లేపే పాత పద్ధతి ప్రోగ్రామ్) యంత్రమైతే 'ఇ' బదులు ట్యాబ్, ఎఫ్10 బదులు ఎంటర్.

అక్షరాలు లావుగా, బొమ్మ ముతగ్గా వస్తుంది. పరవాలేదు, ఇన్‌స్టాల్ చేసేయండి. అమ్మాయి ఫైళ్లు ముందే వేరే డ్రైవ్‌లోకి తీసిపెట్టుకోండి. వానాకాలం మన వైపు కరెంటు సంగతి తెలిసిందే. పాత బ్యాటరీని నమ్ముకోకుండా ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గులో పెట్టండి.

ఎక్కువమంది హడలిపోయేది దీని తర్వాతే. ఇన్‌స్టాల్ అయ్యి రీస్టార్ట్ చేస్తే మళ్లీ నల్ల తెర రావచ్చు. మీరు కొట్టిన మాట ఆ ఒక్కసారికే చెల్లుతుంది, అందుకే. ఆన్ చేస్తూనే ఎస్కేప్, పాత బయోస్‌లో అయితే షిఫ్ట్, పట్టుకుంటే మెనూ వస్తుంది. ఈసారి కొత్త, పాత యంత్రాలు రెండింటిలోనూ 'ఇ' నొక్కి అదే మాట కొట్టి ఎఫ్10 నొక్కండి. లోపలికెళ్లాక ఇంటర్నెట్ కలిపి, డ్రైవర్ మేనేజర్ తెరిచి, 'రికమెండెడ్' అని చూపించిన ఎన్విడియా డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేయండి. ఆ పైన ఈ మాటతో పనుండదు.

ఎవరైనా 'ఏసీపీఐ ఆఫ్' (యంత్రంలో కరెంటు, బ్యాటరీ చూసుకునే ఏర్పాటును ఆపేసే బూట్ ఆప్షన్) పెట్టమంటే వెంటనే పెట్టకండి. దానితో బ్యాటరీ ఎంతుందో కూడా తెలియకుండా పోతుంది. నోమోడ్‌సెట్‌తోనూ మింట్ తెర రాకపోతే, క్వైట్ స్ప్లాష్ తీసేశారు కాబట్టి తెర మీద తెల్ల అక్షరాలు పరుగెడుతూ ఎక్కడో ఆగుతాయి. ఆ చివరి నాలుగు వరుసలు ఫోన్‌తో ఫొటో తీసి, ల్యాప్‌టాప్ మోడల్ నంబరుతో పాటు పత్రికకు పంపండి. ఏ ఆప్షన్ పెట్టాలో వచ్చే సంచికలో రాస్తాను.